నడక గ్రూపు కూడా వైద్యమే: పది భాషలు వినిపించే కమ్యూనిటీ హెల్త్ సెంటర్లలో ప్రోగ్రామ్స్ ఎందుకలా ఉంటాయి

రకరకాల దేశాల నుంచి వచ్చినవాళ్ళు వాడుకునే ఏ కమ్యూనిటీ హెల్త్ సెంటర్ అయినా సరే, ఈ నెల న్యూస్, ప్రోగ్రామ్స్ లిస్టు తీసి చూస్తే మొదట కాస్త అయోమయంగానే ఉంటుంది. ఫ్లూ టీకాల తేదీలు, దాని కిందే మంగళవారం నడక గ్రూపు, ఆ తర్వాత గర్భిణీలకి క్లాసు, కొత్తగా వచ్చిన శరణార్థి కుటుంబాలకి హెల్త్ చెకప్, అద్దె గొడవల మీద ఫ్రీగా లీగల్ సలహా, సాయంత్రం పూట పెద్దవాళ్ళకి అక్కడి భాష నేర్పే తరగతి, ఒక కూరగాయల తోట. డాక్టర్ని చూడ్డానికి వచ్చే చోట తోటేంటి, లాయరేంటి అనిపించడం సహజం, అందుకే చాలామంది అసలు పని డాక్టరు గదిలో జరుగుతుంది, ఇవన్నీ డబ్బులు మిగిలితే చేసే అదనపు హంగులు అనుకుంటారు. ఫండ్స్ తగ్గినప్పుడు ముందు కోత పడేది కూడా వీటికే. కానీ ఈ సెంటర్లు ఎలా పుట్టాయో, ఏ పద్ధతులు నిజంగా ఫలితం ఇచ్చాయో చూస్తే ఆ లిస్టులో ఉన్నవే వైద్యంలో సగం అని అర్థమవుతుంది.

ఈ ఆలోచన ఇవాళ్టిది కాదు. 1940లో సిడ్నీ కార్క్, ఎమిలీ కార్క్ అనే డాక్టర్ దంపతులు దక్షిణాఫ్రికాలోని ఫొలేలా అనే గ్రామీణ ప్రాంతంలో ఒక హెల్త్ సెంటర్ పెట్టారు. వాళ్ళు రోగి వచ్చేదాకా కూర్చోలేదు, అక్కడి జులూ భాష మాట్లాడే మనుషులకే ట్రైనింగ్ ఇచ్చి ఇంటింటికీ పంపి, ఎవరు ఏం తింటున్నారు, పిల్లల బరువెంత, నీళ్ళు ఎక్కడివి అని రాయించారు, పెరటి తోటలు వేయించారు. ఆ తర్వాత అపార్థైడ్ (జాతి వివక్షనే చట్టంగా నడిపిన) ప్రభుత్వం ఆ పద్ధతికి మద్దతు తీసేసింది కానీ ఆలోచన మాత్రం సముద్రం దాటింది, ఎందుకంటే 1957లో జాక్ గైగర్ అనే అమెరికన్ మెడికల్ స్టూడెంట్ అక్కడికి వెళ్ళి పనిచేసి వచ్చాడు. అదే గైగర్, కౌంట్ గిబ్సన్ అనే ఇంకో డాక్టరుతో కలిసి 1965 డిసెంబర్లో బోస్టన్‌లోని కొలంబియా పాయింట్‌లో, 1967లో మిసిసిపీ రాష్ట్రంలోని మౌండ్ బాయూలో సెంటర్లు తెరిచాడు. అమెరికాలో ఇప్పుడున్న కమ్యూనిటీ హెల్త్ సెంటర్లకి మొదలు అక్కడే.

మౌండ్ బాయూలో జరిగింది ప్రత్యేకంగా చెప్పుకోవాలి. అక్కడికి వచ్చే పిల్లల్లో చాలామంది సమస్య ఆకలి, దాని వల్ల వచ్చే ఇన్ఫెక్షన్లు. డాక్టర్లు మందుల చీటీ మీద పాలు, కూరగాయలు, మాంసం అని రాయడం మొదలుపెట్టారు, దగ్గర్లోని కిరాణా కొట్లు ఆ చీటీ తీసుకుని సరుకులిచ్చి బిల్లు సెంటర్‌కి పంపేవి, సెంటర్ దాన్ని ఫార్మసీ బడ్జెట్‌లోంచి కట్టేది. డబ్బిచ్చే ప్రభుత్వ విభాగం దీనికి అభ్యంతరం చెప్పింది. గైగర్ వాదన చాలా సూటిగా ఉంది, ఫార్మసీ డబ్బులు జబ్బుకి మందు ఇవ్వడానికే కదా, పోషకాహార లోపం అనే జబ్బుకి వైద్య పుస్తకాలు చెప్పే మందు తిండే. అక్కడితో ఆగకుండా బావులు తవ్వించారు, మరుగుదొడ్లు కట్టించారు, జాన్ హాచ్ అనే ఆర్గనైజర్ ఆధ్వర్యంలో అక్కడి కుటుంబాలతోనే ఒక వ్యవసాయ సహకార సంఘం కూడా నడిచింది. ఇవాళ ఏ సెంటర్ లిస్టులోనైనా తోట కనపడితే దాని వెనక ఉన్న చరిత్ర ఇదీ.

కెనడాలో విన్నిపెగ్‌లోని మౌంట్ కార్మెల్ క్లినిక్ ఇంకా ముందే, 1926లోనే, వలస వచ్చిన యూదు కుటుంబాల కోసం మొదలైంది. ఆస్ట్రేలియాలో 1971లో సిడ్నీలోని రెడ్‌ఫర్న్‌లో ఆదివాసులు తమ సొంత మెడికల్ సర్వీస్ పెట్టుకున్నారు, ఆ దేశంలో ఆదివాసుల చేతుల్లోనే నడిచిన మొదటి ఆరోగ్య కేంద్రం అది. 1978 సెప్టెంబర్లో ప్రాథమిక ఆరోగ్యం మీద జరిగిన అంతర్జాతీయ సమావేశంలో ఆల్మా ఆటా ప్రకటన వచ్చి, తమ ఆరోగ్య సేవల్ని ప్లాన్ చేసుకోవడంలో పాల్గొనడం ప్రజల హక్కూ బాధ్యతా అని అక్కడికి వచ్చిన దేశాలు ఒప్పుకునే సరికే ఈ పని చాలా చోట్ల నడుస్తోంది.

ఇక భాష సంగతి. ఒక సెంటర్ లిస్టులో అన్నిటికన్నా ముందు చూడాల్సింది "ఇంటర్‌ప్రెటర్ ఉంటారు, ఫ్రీ" అనే లైను, అంటే డాక్టరు మాట రోగికి, రోగి మాట డాక్టరుకి వాళ్ళ వాళ్ళ భాషలో చెప్పే మనిషి. అది ఉంటేనే మిగతా ప్రోగ్రామ్స్‌కి అర్థం, లేకపోతే ఎన్ని పెట్టినా భాష రాని మనిషికి అవి లేనట్టే. 2003లో గ్లెన్ ఫ్లోరెస్ అనే పిల్లల డాక్టరు, ఆయన టీమ్ కలిసి ఇంటర్‌ప్రెటర్ మధ్యలో ఉన్న డాక్టర్ విజిట్లని రికార్డు చేసి ఒక్కో మాటా పోల్చి చూస్తే సగటున ఒక్కో విజిట్లో 31 తప్పులు దొర్లాయి, వాటిలో 63 శాతం రోగి ఆరోగ్యం మీద ప్రభావం చూపగలిగేవే, అంటే డోసు వదిలేయడం, అలర్జీ గురించి అడిగిన ప్రశ్నే చెప్పకపోవడం లాంటివి. ఆసుపత్రి ఇంటర్‌ప్రెటర్ కాకుండా అప్పటికప్పుడు దొరికిన చుట్టాన్నో స్నేహితుణ్ణో కూర్చోబెట్టినప్పుడు ప్రమాదకరమైన తప్పుల వాటా ఇంకా ఎక్కువ.

ఇంట్లో బడికెళ్ళే పిల్లలకి కొత్త భాష ముందుగా వస్తుంది కాబట్టి పదేళ్ళ అమ్మాయిని తీసుకొచ్చి అమ్మ జబ్బు గురించి చెప్పించడం చాలా కుటుంబాల్లో జరిగేదే. ఆ అమ్మాయి అమ్మకి రక్తస్రావం ఎప్పట్నుంచి అవుతుందో, నాన్న కొడతాడా అని డాక్టరు అడిగితే ఏం చెప్పాలో, క్యాన్సర్ అన్న మాట ఎలా పలకాలో తనే మోయాలి, ఇది ఏ పిల్ల మీదా పెట్టకూడని బరువు. అమెరికాలో 2010 ఆరోగ్య చట్టంలోని 1557 సెక్షన్ కింద 2016లో వచ్చిన నిబంధనలు ఎమర్జెన్సీ అయితే తప్ప మైనర్ పిల్లలతో ఇంటర్‌ప్రెటర్ పని చేయించకూడదని చెప్పేశాయి. ఆస్ట్రేలియాలో 1973లోనే టెలిఫోన్ ఇంటర్‌ప్రెటర్ సర్వీస్ మొదలైంది, ఇప్పుడు 131 450 నంబర్‌కి ఏ టైములో చేసినా 150కి పైగా భాషల్లో మనిషి దొరికే ఏర్పాటు ఉంది.

ఐతే ఇంటర్‌ప్రెటర్ని పెట్టేస్తే పనైపోదు. ప్రతి మాటా రెండుసార్లు చెప్పుకోవాలి కాబట్టి అపాయింట్‌మెంట్ టైము కూడా రెట్టింపు ఇవ్వాలి, చాలా క్లినిక్స్ ఇక్కడే దెబ్బతింటాయి, మనిషిని పిలుస్తారు కానీ అదే పదిహేను నిమిషాల్లో ముగించాలంటారు. ఒకే భాషలో వేరే యాస వాళ్ళు వస్తే సగమే అర్థమవుతుంది. ప్రసవం, గర్భనిరోధం లాంటి విషయాలకి ఆడ ఇంటర్‌ప్రెటరే కావాలనేవాళ్ళు ఉంటారు, అది న్యాయమైన కోరిక. ఇంకోటి, ఊళ్ళో ఆ భాషవాళ్ళు వంద కుటుంబాలే ఉన్నప్పుడు ఇంటర్‌ప్రెటర్‌గా వచ్చినావిడ ఆదివారం ప్రార్థనలో పక్కన కూర్చునే మనిషే అయ్యే ఛాన్స్ ఎక్కువ, అలాంటప్పుడు హెచ్‌ఐవీ గురించో మానసిక సమస్య గురించో ఎవరు నోరు విప్పుతారు? అందుకే అనుభవం ఉన్న సెంటర్లు అలాంటి సందర్భాల్లో ఎక్కడో దూరంగా ఉన్న ఫోన్ ఇంటర్‌ప్రెటర్ని, పేరు చెప్పకుండా, వాడతాయి. చివర్లో నర్సు "అర్థమైందా" అని అడగకుండా "ఇంటికెళ్ళాక ఈ మాత్ర ఎలా వేసుకుంటారో ఒకసారి నాకు చెప్పండి" అని అడగడం కూడా ఈ పనిలో భాగమే, ఎందుకంటే అర్థమైందా అంటే మర్యాద కోసం అందరూ అవుననే అంటారు.

రాతపూర్వక నోటీసుల సంగతి వేరు. ఒక భాష మాట్లాడేవాళ్ళందరూ ఆ భాష చదవగలరని లేదు, యుద్ధం వల్ల బడికి వెళ్ళనివాళ్ళు, ఊళ్ళో బడే లేనివాళ్ళు ఉంటారు. పన్నెండు భాషల్లో కరపత్రం వేసి గోడకి అంటించి మా పని అయిపోయింది అనుకుంటే అది చేరదు. ఒక నిమిషం వాయిస్ మెసేజ్, ఆ భాష మాట్లాడే స్టాఫ్ గొంతుతో, వాట్సాప్‌లో పంపితే అది పాతిక ఇళ్ళు తిరుగుతుంది. ఈమధ్య కంప్యూటర్ అనువాదం చవగ్గా దొరుకుతోందని అందులో వేసి అలాగే వదిలేసే అలవాటు కూడా పెరుగుతోంది, అమెరికాలో 2024 నిబంధనల ప్రకారం ముఖ్యమైన ఆరోగ్య సమాచారాన్ని అలా అనువదిస్తే అర్హత ఉన్న మనిషి ఒకరు సరిచూడాలి. ఇది మంచి నిబంధన, టీకా తేదీ తప్పు పడితే మళ్ళీ రమ్మనొచ్చు, మందు డోసు తప్పు పడితే ఏం చేస్తారు?

ఫ్రంట్ డెస్క్ దగ్గర ఇంకో చిన్న విషయం, బయటివాళ్ళకి తెలీదు. శరణార్థుల్లో చాలామందికి పుట్టిన తేదీ కాగితాలు లేక అధికారులు జనవరి 1 అని రాసేస్తారు. కంప్యూటర్లో పేరు, పుట్టిన తేదీ కొట్టి రోగిని వెతికే పద్ధతి వాళ్ళ దగ్గర పనిచేయదు, ఒకే ఇంటిపేరు, అదే జనవరి 1 ఉన్నవాళ్ళు పదిమంది వస్తారు, ఒకరి రిపోర్టు ఇంకొకరి ఫైల్లోకి పోయే ప్రమాదం ఉంది. ఫోటోనో ఇంకో గుర్తింపు నంబరో తప్పకుండా చూడమని కొత్తగా చేరిన స్టాఫ్‌కి మొదటి రోజే చెప్పాల్సిన విషయం ఇది.

స్క్రీనింగ్ క్యాంపుల ప్రకటనల్లో "ఫలానా దేశాల్లో పుట్టినవాళ్ళు తప్పక రండి" అని ఉంటే కొందరికి నొప్పి కలుగుతుంది, మమ్మల్నే ఎందుకు వేరు చేస్తున్నారు అని. ఆ బాధ అర్థం చేసుకోదగిందే, అందుకే కారణం కూడా పక్కనే రాయాలి. హెపటైటిస్ బి ఎక్కువగా ఉన్న ప్రాంతాల్లో చాలామందికి అది పుట్టినప్పుడు తల్లి నుంచే సోకుతుంది, దశాబ్దాల పాటు ఏ లక్షణమూ ఉండదు, తెలిసేసరికి లివర్ పాడైపోయి ఉంటుంది, ముందే తెలిస్తే మందులున్నాయి. షుగర్ సంగతీ అంతే, దక్షిణాసియా వాళ్ళకి తక్కువ బరువులోనే షుగర్ వస్తుంది, ప్రపంచ ఆరోగ్య సంస్థ నిపుణులు 2004లో ఆసియా వాళ్ళ విషయంలో బీఎంఐ (ఎత్తుతో పోల్చి చూసే బరువు లెక్క) 23 నుంచే జాగ్రత్త మొదలవ్వాలని, 27.5 దాటితే రిస్క్ ఎక్కువని చెప్పారు, మామూలుగా వాడే 25, 30 లెక్క పట్టుకుని కూర్చుంటే సన్నగా కనిపించే మనిషిని పరీక్ష చేయకుండానే పంపించేస్తారు. సికిల్ సెల్, తలసేమియా లాంటి వంశపారంపర్య జబ్బులకి గర్భం మొదట్లోనే రక్తపరీక్ష చేయడం కూడా ఇలాంటిదే. పరికరాల్లోనూ తేడా ఉంటుంది, వేలికి పెట్టే ఆక్సిమీటర్ ముదురు రంగు చర్మం ఉన్నవాళ్ళలో ఆక్సిజన్ని అసలుకన్నా ఎక్కువ చూపించే అవకాశం ఎక్కువని 2020 డిసెంబర్లో వచ్చిన అధ్యయనం గట్టిగా చూపించింది, నంబర్ బాగుంది కదా అని ఆయాసపడుతున్న మనిషిని ఇంటికి పంపేయకూడదు.

గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ పరీక్షలో మార్పు చెప్పుకోదగ్గ మంచి వార్త. వలస వచ్చిన ఆడవాళ్ళు ఈ పరీక్షకి రావడం చాలా దేశాల్లో తక్కువే, సిగ్గు, మగ డాక్టరు ఉంటాడేమోనన్న భయం, గతంలో జరిగిన హింస, కారణాలు చాలా ఉంటాయి. ఆస్ట్రేలియాలో 2022 జూలై నుంచి ఈ స్క్రీనింగ్‌కి అర్హత ఉన్నవాళ్ళు ఎవరైనా తమ శాంపిల్ తామే తీసుకోవచ్చు, ఒక చిన్న స్వాబ్, తెర వెనక రెండు నిమిషాల పని. ఈ ఒక్క వార్త అందాల్సిన వాళ్ళకి అందాల్సిన భాషలో అందితే ఎన్నో ఏళ్ళుగా వాయిదా వేస్తున్నవాళ్ళు కూడా వస్తారు.

ప్రోగ్రామ్స్ నిజంగా పనిచేస్తాయా అంటే, పనిచేసేవి బాగానే పనిచేస్తాయి, లెక్కలున్నాయి. 2018లో లాస్ ఏంజెలెస్‌లో 52 సెలూన్లలో చేసిన ప్రయోగం ఉంది, అక్కడికి క్షవరానికి వచ్చే నల్లజాతి మగవాళ్ళకి బీపీ చూసి, ఎక్కువ ఉన్నవాళ్ళకి ఫార్మసిస్టు సెలూన్‌కే వచ్చి మందులిచ్చి సరిచేసేవాళ్ళు. ఆరు నెలల్లో పై బీపీ సగటున 27 పాయింట్లు తగ్గింది, క్షవరం చేసే మనిషి సలహా మాత్రమే ఇచ్చి డాక్టర్ దగ్గరికి వెళ్ళమన్న గ్రూపులో 9 పాయింట్లే. మందులు కొత్తవేం కాదు, ఇచ్చిన చోటు, ఇచ్చిన పద్ధతే కొత్త. షుగర్ రాకుండా చేసే లైఫ్‌స్టైల్ ప్రోగ్రామ్ 2002 నాటి పెద్ద అమెరికన్ ట్రయల్లో రిస్క్‌ని 58 శాతం తగ్గించింది, షుగర్‌కి వాడే మెట్‌ఫార్మిన్ మాత్ర 31 శాతం. అంటే నడక, తిండి అలవాట్లు మార్చే ప్రోగ్రామ్ మాత్రకన్నా ఎక్కువ పనిచేయగలదు, ఐతే ఆ తిండి సలహా మనిషి ఇంట్లో నిజంగా వండుకునే వంటకి సరిపోవాలి, తాము ఎప్పుడూ చూడని వంటల చార్టు చేతికిస్తే రెండో వారానికే రావడం మానేస్తారు.

మానసిక ఆరోగ్యం దగ్గర జింబాబ్వే నేర్పిన పాఠం ఉంది. డిక్సన్ చిబాండా అనే సైకియాట్రిస్టు 2006లో హరారేలో మొదలుపెట్టిన ఫ్రెండ్‌షిప్ బెంచ్‌లో, క్లినిక్ బయట చెక్క బెంచీ మీద ట్రైనింగ్ తీసుకున్న పెద్దవయసు ఆడవాళ్ళు కూర్చుని మనిషి చెప్పేది వింటారు, సమస్యల్లోంచి ఒకటి ఎంచుకుని దాన్ని ఎలా దాటాలో కలిసి ఆలోచిస్తారు. 2016లో వచ్చిన ట్రయల్ ఫలితాల్లో మామూలు వైద్యం అందినవాళ్ళకన్నా వీళ్ళ దగ్గర కూర్చున్నవాళ్ళలో డిప్రెషన్ లక్షణాలు స్పష్టంగా తక్కువున్నాయి. వలస వచ్చినవాళ్ళలో చాలామంది డిప్రెషన్ అనే పేరుతో రారు, తలనొప్పి, గుండె దడ, నిద్ర లేదు, ఒళ్ళంతా నొప్పులు అని వస్తారు. అందుకే "డిప్రెషన్ సపోర్ట్ గ్రూప్" అని బోర్డు పెడితే ఖాళీ కుర్చీలుంటాయి, కుట్లు అల్లికల గ్రూపు అని పెడితే గది నిండుతుంది, మాటలు అక్కడే బయటికొస్తాయి. దీన్ని మోసం అనడం సరికాదు, సిగ్గుపడకుండా లోపలికి రాగలిగే తలుపు అది.

క్యాలెండర్ కూడా ముఖ్యం. రంజాన్ నెల ప్రతి ఏడూ కిందటేడుకన్నా పది పదకొండు రోజులు ముందుగానే వస్తుంది, షుగర్ మందులు వాడేవాళ్ళు ఉపవాసం ఉంటే ఇన్సులిన్ డోసు, టైము మార్చుకోవాలి, కొందరికి అసలు ఉపవాసమే ప్రమాదం. ఇది నెల మొదలయ్యాక చెప్పే విషయం కాదు, ఒకట్రెండు నెలల ముందే పిలిచి మాట్లాడాలి. పిలవకపోతే ఏమవుతుందో ప్రతి క్లినిక్‌కీ తెలుసు, చాలామంది డాక్టరుతో చెప్పకుండానే ఉపవాసం ఉంటారు, మందు తమకి తోచినట్టు ఆపేస్తారు. మత నిబంధనల్లోనే జబ్బు ఉన్నవాళ్ళకి మినహాయింపు ఉంది కదా అని డాక్టరు చెబితే ఒకలా ఉంటుంది, అక్కడి ఇమాం పక్కన కూర్చుని చెబితే ఇంకోలా ఉంటుంది.

మరి ఇంత పనిచేసేవి ఎందుకు ఆగిపోతుంటాయి? డబ్బు వచ్చే దారి వల్ల. చాలా చోట్ల డాక్టరు గదిలో జరిగిన విజిట్‌కి బిల్లు వస్తుంది, నడక గ్రూపుకి రాదు, ఫోన్ చేసి "ఎందుకు రాలేదమ్మా" అని అడిగిన హెల్త్ వర్కర్ అరగంటకి అంతకన్నా రాదు. అమెరికాలో ఈ సెంటర్లు ఏడాదికి 3 కోట్ల మందికి పైగా సేవ చేస్తున్నాయి, వాళ్ళలో నాలుగో వంతు దాకా ఇంగ్లిష్ కాకుండా వేరే భాషలో మాట్లాడితేనే బాగా అర్థమయ్యేవాళ్ళు, పేదరిక రేఖకి రెండింతల ఆదాయం వరకు ఉన్నవాళ్ళకి ఫీజులో తగ్గింపు ఇవ్వాల్సిందే అన్న రూల్ ఉంది. కెనడాలోని ఒంటారియోలో ఈ సెంటర్ల డాక్టర్లు జీతం మీద పనిచేస్తారు, ఎంతమందిని చూశారన్న లెక్క మీద కాదు, ఇన్సూరెన్స్ లేనివాళ్ళని చూసేందుకూ డబ్బు కేటాయిస్తారు. జీతం పద్ధతిలో డాక్టరు ఒక గంట గ్రూపుతో కూర్చున్నా ఎవరికీ నష్టం లేదు, ప్రోగ్రామ్ బతకడానికి అది చాలా మేలైన ఏర్పాటు.

గ్రాంట్ మీద నడిచేది గ్రాంట్ అయిపోగానే పోతుంది. రెండేళ్ళు కష్టపడి నమ్మకం సంపాదించిన గ్రూపు మార్చి నెలతో ఆఖరు అని ఒక నోటీసుతో మూసేస్తే, వచ్చే ఏడాది ఇంకో గ్రాంట్‌తో ఇంకో పేరుతో మొదలుపెట్టినా అదే మనుషులు రారు, అడుగుతారు ఈసారి ఎన్నాళ్ళు అని. బాగా నడిచే సెంటర్లు దీనికి రెండు పనులు చేస్తాయి. ఒకటి, గ్రూపులోంచే ఒకరిద్దరికి మొదట్నుంచీ ట్రైనింగ్ ఇచ్చి, జీతం లేదా కనీసం ఖర్చులు ఇచ్చి, నడిపే బాధ్యత అప్పగించడం, అప్పుడు స్టాఫ్ పోస్టు పోయినా గది, కుర్చీలు ఇస్తే చాలు గ్రూపు నడుస్తుంది. రెండోది, సెంటర్ నిర్ణయాలు తీసుకునే బోర్డులో రోగులకి నిజంగా మాట్లాడే వీలు కల్పించడం. అమెరికన్ చట్టం ప్రకారం బోర్డులో కనీసం 51 శాతం అక్కడ వైద్యం చేయించుకునేవాళ్ళే ఉండాలి, ఈ రూల్ కాగితం మీద అద్భుతంగా ఉంటుంది, కానీ మీటింగ్ మధ్యాహ్నం రెండింటికి, ఇంగ్లిష్‌లో మాత్రమే, బడ్జెట్ పేపర్లు ముందురోజు రాత్రి ఈమెయిల్లో పంపి పెడితే షిఫ్టుల్లో పనిచేసే, వేరే భాష మాట్లాడే రోగి ఆ కుర్చీలో కూర్చున్నా ఏమీ మాట్లాడలేరు. మీటింగ్ సాయంత్రానికి మార్చి, ఇంటర్‌ప్రెటర్ని పెట్టి, పేపర్లు వారం ముందు వాళ్ళ భాషలో వివరించి, పిల్లల్ని చూసుకునే ఏర్పాటు చేస్తే అదే మనిషి, నడక గ్రూపు కోత పెట్టే లైను బడ్జెట్‌లో ఏ పేజీలో ఉందో వెతికి చూపించి, దాని బదులు ఏది తగ్గించాలో అడగగలరు.